బకెట్టు నిండా కొమ్ము పురుగులు

నా ఉద్యోగం మొత్తంలో పై అధికారి చేత శభాష్ అనిపించుకున్న ఫోటో ఒక్కటే. అందులో నేను లేను. ఒక ప్లాస్టిక్ బకెట్టు, దాని అడుగున కాసిని నీళ్ళు, ఆ నీళ్ళలో కాళ్ళు పైకి పెట్టి తేలుతున్న పద్నాలుగు కొమ్ము పురుగులు, వెనక లేత కొబ్బరి మొక్కలు. ఆ ఫోటో మా శాఖ వాట్సాప్ గ్రూపులో పెట్టిన పావుగంటకి వరసగా చప్పట్ల బొమ్మలు పడ్డాయి. మిగతా మండలాల వాళ్ళు కూడా చూసి నేర్చుకోవాలని మా సారు రాశారు. నేను దానికి దండం బొమ్మ పెట్టి, ఆ పూట రెండు పకోడీలు ఎక్కువ తిన్నాను.

ఆ బకెట్టు ఒక తోటని నిలువునా ముంచబోయిందని రిటైరయ్యే రోజు వరకూ మా సారుకి చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరు కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు. మీ చేతుల్లో నా దానికన్నా మంచి ఫోన్లున్నాయి. కాబట్టి నాకన్నా మంచి ఫోటోలు తీసి నాకన్నా పెద్ద తప్పులు చేసే వీలు మీకుంది.

నేను ఉద్యాన శాఖలో పనిచేశాను. పెద్ద హోదా ఏం కాదు. తోటలు తిరగడం, పురుగులూ తెగుళ్ళూ చూడటం, ఏం చెయ్యాలో రైతులకి చెప్పడం, చెప్పినట్టు కాగితం మీద రాయడం. చివరి పోస్టింగు రాజోలు వైపు. కాలవ గట్ల మీద స్కూటీ, దాని డిక్కీలో ఒక కత్తి, ఒక భూతద్దం, బురద కోసం ఇంకో జత చెప్పులు. కోపం మాత్రం డిక్కీలో పట్టేది కాదు, అది ఎప్పుడూ నా ముక్కు మీదే ఉండేది.

ఈ తోటల్లో తిరిగితే పురుగులతోనే కాదు, అన్ని ప్రాణులతోనూ పరిచయం అవుతుంది. చెట్టు తలలో కాపురం పెట్టి లేత కాయకి కన్నం వేసే ఎలుక, ఆ ఎలుక కోసం చెట్టెక్కే జెర్రిపోతు, అరటిగెల పండేదాకా ఓపిక పట్టి సరిగ్గా మనకన్నా ఒక రోజు ముందు వచ్చే గబ్బిలం. ఒకసారి ఒక తోటలో నిలబడి ఉపన్యాసం ఇస్తుంటే రైతులందరూ తలలు వంచి నా కాళ్ళ వైపే చూస్తున్నారు. వినయం కాబోలు అనుకుని ఇంకో పది నిమిషాలు పొడిగించాను. తర్వాత తెలిసింది, నా వెనకాల ఒక ముంగిస పాముని ఈడ్చుకుపోతోందట. ఒక్కరైనా చెప్పరేమని అడిగితే, "తవరు మాట్లాడుతున్నారు కదండీ, మధ్యలో అడ్డుపడటం ఎందుకని ఊరుకున్నామండి" అన్నారు.

ఇక్కడివాళ్ళ మర్యాద అలాంటిది. నా కొంప ముంచింది కూడా ఆ మర్యాదే. నేను తప్పు చేస్తున్నానని అందరికన్నా ముందు తెలిసిన మనిషి, ఆ సంగతి నాకు అంత మర్యాదగానూ చెప్పారు.

ఆయన దింపు తీసేవారు. చెట్టెక్కి కొబ్బరికాయలు దించడాన్ని ఇక్కడ దింపు అంటారు. అరవై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవారు. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. చేతిలో ఎప్పుడూ మూరెడు ఇనప చువ్వ ఉండేది, దాని కొన కొక్కెంలా వంచి ఉండేది. కొబ్బరి మొవ్వులోకి, అంటే కొత్త ఆకు పుట్టే చోటుకి, కొమ్ము పురుగు తొలుచుకుంటూ దూరిందంటే ఆ కన్నంలోకి చువ్వ పంపి, చెవిలో గుబిలి తీసినంత జాగ్రత్తగా పురుగుని గుచ్చి బయటకి లాగేవారు. నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. ఆయన నన్ను మేడమ్ గారండీ అనేవారు. వయసులో తేడా ఎంతున్నా ఆ 'అండీ' వదిలిపెట్టేవారు కాదు.

ఇక ఆ తోట. అది నలభై ఏళ్ళ లోపు ఒకావిడది. భర్త మస్కట్‌లో డ్రైవరు. అరెకరం పైచిలుకు నేలలో నలభై కొబ్బరి మొక్కలు పెట్టి, మూడేళ్ళు పెంచింది. మొదటి రెండు వేసవులూ బిందెలతో నీళ్ళు మోసింది. నేను మొదటిసారి వెళ్ళిన రోజే, చాప వేసి కూర్చోబెట్టి, సంగతంతా చెప్పేసింది.

"ఈ నేల రొయ్యల చెరువుకి అడుగుతున్నారండి. మా ఆయన ఇచ్చేద్దామన్నారు. నేనొద్దన్నాను. మా పుట్టిల్లు సముద్రం వైపండి. మా ఇంటి చుట్టూ చెరువులొచ్చేసేయి. ఇప్పుడు మా అమ్మ నూతి నీళ్ళతో కందిపప్పు పొయ్యి మీద పెడితే సాయంత్రానికి కూడా ఉడకదండి. తాగే నీళ్ళు టిన్నుల్లో కొనుక్కుంటారు. ఇక్కడ కూడా అలాగే అవ్వాలంటారా అండీ?"

"మరి మీ ఆయన ఏమన్నారు?"

"దసరాకి సెలవు మీద వత్తారండి. అప్పటికి మొక్కలు నిలదొక్కుకుంటే తోటే. లేకపోతే చెరువు. అదండి మా ఇద్దరి ఒప్పందం."

భర్త చెడ్డవాడేం కాదు. తోటల మధ్య పుట్టిన మనిషి. ఆదివారం ఆదివారం వీడియో కాల్ చేసి, పెళ్ళాం ముఖం రెండు నిమిషాలు, మొక్కల ముఖం ఇరవై నిమిషాలు చూసేవాడట. "ఫోను పైకెత్తు, మొవ్వు చూపించు, ఇంకొంచెం కిందకి" అంటూ నలభై మొక్కలూ తిప్పించేవాడట. చెయ్యి పీకేస్తోందండీ అని ఆవిడ నవ్వుతూ చెప్పింది.

తొలకరి పడ్డాక కొమ్ము పురుగు దిగింది. విచ్చుకున్న ఆకులు, కాగితం మడతపెట్టి కత్తిరించి విప్పితే వచ్చే తోరణంలా, రెండు వైపులా ఒకేలా తెగి ఉన్నాయి. పెద్ద చెట్టయితే తట్టుకుంటుంది. లేత మొక్కకి మొవ్వు పోయిందంటే ప్రాణం పోయినట్టే. ఆవిడ కంగారుపడి నాకు ఫోన్ చేసింది. సరిగ్గా అప్పుడే మా ఆఫీసుకి ఎర బకెట్లు వచ్చాయి.

ఎర బకెట్టంటే పెద్ద విద్యేం కాదు. మూతకి ఒక చిన్న పొట్లం వేలాడుతుంది. దాని వాసన కొమ్ము పురుగులకి తోటి పురుగు పిలిచినట్టు ఉంటుంది. వాసన పట్టుకుని వచ్చి, బకెట్టుకి కొట్టుకుని, నీళ్ళలో పడి చస్తాయి. బకెట్టుతో పాటు ఒక సూచనల కాగితం కూడా ఇచ్చారు. రెండు వైపులా అచ్చు వేసిన కాగితం. నేను ఒక వైపు చదివాను.

బకెట్టు పట్టుకుని హుషారుగా తోటకి వెళ్ళాను. బాబాయ్ ఒక వెదురు కర్ర పాతడానికి గునపంతో సిద్ధంగా ఉన్నారు.

"ఎక్కడ కట్టమంటారండీ?"

"మధ్యలో బాబాయ్. అన్ని మొక్కలకీ సమానంగా కాపలా ఉండాలి కదా."

ఇది పైకి చెప్పిన కారణం. అసలు కారణం అక్కడ వెలుతురు బాగుంది, వెనక పచ్చగా మొక్కలు కనబడతాయి, ఫోటో బాగా వస్తుంది. బాబాయ్ చువ్వతో వీపు గోక్కుని, "ఆయ్" అన్నారు. ఆ మాటలో ఏ మాత్రం ఉత్సాహం లేదు. నాకది పట్టలేదు.

మర్నాడు ఆరు పురుగులు. తర్వాత తొమ్మిది. నాలుగో రోజు పద్నాలుగు. ఆ పద్నాలుగుకే నా చప్పట్లు. నేను రోజూ పొద్దున్నే వెళ్ళి, బకెట్టులో తొంగి చూసి, లెక్క రాసుకుని, మొక్కల వంక ఒక చూపు పారేసి వచ్చేసేదాన్ని. పరీక్షలో మార్కులు చూసుకున్న పిల్ల పుస్తకం ఎందుకు తెరుస్తుంది?

ఒకరోజు బాబాయ్ పక్కన వచ్చి నిలబడ్డారు.

"బాగానే పడతన్నాయండి" అన్నారు. "ఊళ్ళో పురుగులన్నీ ఇక్కడికే వత్తన్నట్టున్నాయండి."

"అదే కదా మనకి కావలసింది."

"మరేనండి. వచ్చినయ్యన్నీ బకెట్టులోకే దిగతన్నాయంటారా అండీ?"

"ఇంకెక్కడ దిగుతాయి?"

"అబ్బే, ఏం లేదండి. పెళ్ళికి పిలిచేమనుకోండి, వచ్చినోళ్ళందరూ పంక్తిలోనే కూర్చోరు కదండీ. కొందరు తిన్నగా వంటింట్లోకి కూడా ఎళ్ళిపోతారండి."

నేను పకపకా నవ్వాను. మాట చాలా బాగుందని నా నోటు పుస్తకంలో రాసుకున్నాను కూడా. మీటింగుల్లో వాడుకుందామని.

మూడో వారం, ఆదివారం సాయంత్రం, ఆవిడ ఫోన్ చేసింది. ఏడవలేదు కానీ గొంతు సన్నగా ఉంది. "ఆయన చూసేసేరండి. నేను ఫోను పక్కకి తిప్పుదామనుకున్నాను, ఆయనే ఆగమన్నారు. రెండు మొక్కలకి మొవ్వు వాలిపోయిందండి."

సోమవారం పొద్దున్నే వెళ్ళాను. ఆవిడ నా ఎదురుగానే ఒక మొక్క మొవ్వు పట్టుకుని మెల్లగా లాగింది. అది ఊడి చేతిలోకి వచ్చేసింది. మొదలంతా కుళ్ళి, వాసన. మూడేళ్ళు పెంచిన మొక్క మొవ్వు అరచేతిలో పెట్టుకుని నా వంక చూసింది. నేను బకెట్టు వంక చూశాను. అందులో పదకొండున్నాయి.

అప్పుడు మొదటిసారి, బకెట్టుని వదిలేసి మొక్కలు లెక్కపెట్టాను. నోటు పుస్తకంలో నలభై సున్నాలు గీసి, దెబ్బ తగిలిన ప్రతి మొక్కకీ ఒక గీత పెట్టాను. గట్టు పక్కన ఉన్నవాటికి దాదాపు ఏమీ లేదు. మధ్యకి వచ్చేకొద్దీ గీతలు చిక్కబడ్డాయి. బకెట్టు చుట్టూ ఉన్న ఎనిమిది మొక్కల్లో ఒక్కటీ మిగల్లేదు, అన్నిటికీ గీతలే. స్కూటీ డిక్కీలోంచి సూచనల కాగితం తీసి రెండో వైపు తిప్పాను. లేత మొక్కల మధ్య కట్టకూడదని, తోటకి బాగా ఎడంగా, గట్టు బయట కట్టాలని అక్కడ లావు అక్షరాలతో ఉంది. వాసనకి వచ్చిన పురుగులన్నీ బకెట్టులో పడవని, పడనివి పక్కనున్న మొక్కల మీద వాలతాయని కూడా ఉంది. బాబాయ్ పెళ్ళి భోజనం మాట అచ్చులో అలా ఉంటుందన్నమాట.

ఆవిడ దగ్గరకి వెళ్ళి, "అమ్మా, తప్పు నాది" అన్నాను. అంతా చెప్పాను. నా ఉద్యోగంలో అంత కష్టంగా నోరు విప్పిన రోజు ఇంకోటి లేదు. ఒక్కసారి తిట్టేస్తే బాగుండునని నిలబడ్డాను. ఆవిడ తిట్టలేదు. మొవ్వుని కింద పెట్టి, చెయ్యి చీర కొంగుకి తుడుచుకుంది.

"మేడమ్ గారూ, దసరా ఇంకా ఎన్ని రోజులుందండీ?" అని మాత్రం అడిగింది.

తర్వాత లోపలికి వెళ్ళి నాకు మజ్జిగ తెచ్చింది.

బయటకి వచ్చి నా కోపమంతా బాబాయ్ మీద చూపించాను. "మీకు ముందే తెలుసా?"

"అనుమానవండి."

"మరి చెప్పరేం?"

"చెప్పేనండి. పెళ్ళి సంగతి చెప్పేను కదండీ."

"అలాక్కాదు, గట్టిగా చెప్పాలి బాబాయ్."

"పెద్ద చదువులు చదివినోరు. మీకు గట్టిగా ఎలా చెప్తావండీ" అన్నారాయన, నిజంగానే నొచ్చుకుని.

పావుగంట సేపు ఆయన మీద కోపంగా ఉన్నాను. తర్వాత ఎంత వెతికినా ఆయన మీద కోపం దొరకలేదు, ఉన్నదంతా నా మీదే. బకెట్టు విప్పేశాం. అప్పుడడిగాను: "బకెట్టు పిలిచింది సరే, ఇన్ని పురుగులు పుట్టింది ఎక్కడ?"

ఈసారి బాబాయ్ సామెతలు, పెళ్ళిళ్ళు ఏమీ చెప్పలేదు. చువ్వ ఎత్తి బోదె అవతలకి చూపించారు.

బోదె అంటే రెండు తోటల మధ్య సన్నటి నీటి కాలవ. దానికి అవతల ఒక పెద్దాయన ఇల్లు, పెరట్లో ఊరందరికీ తెలిసిన పెంటకుప్ప. పశువుల పేడ, ఆకూ అలమూ, కొబ్బరి పొట్టూ వేసి మాగబెట్టిన బంగారం లాంటి ఎరువు. కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది అలాంటి కుప్పల్లోనే, కుళ్ళిన కొబ్బరి దుంగల్లోనే. అంతకు ముందు ఏడాది ఊళ్ళో మీటింగు పెట్టి, ఎరువంటే ఇలా ఉండాలని ఆ పెద్దాయన్ని నిలబెట్టి చప్పట్లు కొట్టించింది నేను. వానకి కొట్టుకుపోకుండా కుప్ప చుట్టూ పాత కొబ్బరి దుంగలు అడ్డం పెట్టుకోమని సలహా ఇచ్చింది కూడా నేనే.

దానికి తోడు ఆ రెండు ఇళ్ళకీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. కారణం గట్టు మీది కొబ్బరిచెట్టు. చెట్టు మొదలు వాళ్ళ వైపు, తల వీళ్ళ వైపు. కాయలు ఎవరివి అన్నది గొడవ. కొన్నాళ్ళకి గాలివానకి చెట్టు పడిపోయింది. గొడవ మాత్రం పడిపోలేదు.

గురువారం నేనూ బాబాయ్ ఆయన ఇంటికి వెళ్ళాం. పెద్దాయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాఫీ పెట్టమని లోపలికి కేకేశారు. నేను విషయం చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"అయ్యి పెంట పురుగులండి మేడమ్ గారూ. తెల్లగా, బొద్దుగా, మెత్తగా ఉంటాయి. కొమ్ము పురుగు నల్లగా, రాయిలా ఉంటది. దీనికీ దానికీ ఏంటండీ చుట్టరికం? మా నాన్నగారి కాలం నించీ చూత్తన్నాను. పెంట పురుగులుంటేనే ఎరువుకి బలం."

"ఆ తెల్లవే పెరిగి కొమ్ము పురుగులవుతాయండీ."

"పోనీ అలాగే అనుకుందాం. కుప్ప చుట్టూ దుంగలు పెట్టమన్నది ఎవరండీ?"

"నేనే."

"చప్పట్లు కొట్టించింది?"

"నేనే."

"ఇప్పుడు తీసెయ్యమంటున్నది?"

"అదీ నేనేనండి."

ఆయన కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టారు. "తాగండి, చల్లారిపోద్ది" అన్నారు. తర్వాత అంతే నెమ్మదిగా, "ఆ ఇంటికి మేలయ్యే పనికి నా పెరట్లో ఒక్క పార కూడా దిగదండి" అన్నారు.

నేను లేవబోయాను. మెట్ల దగ్గర నిలబడ్డ బాబాయ్ అప్పుడు నోరు విప్పారు.

"అన్నయ్యగారండీ, ఆవిడ తోట పోతే అక్కడొచ్చేది చెరువండి. చెరువులో పెట్టేది ఉప్పునీరండి. మీ నుయ్యికీ ఆ గట్టుకీ ఇరవై అడుగులు కూడా లేదండి."

అంతే. పెద్దాయన తల తిప్పి నూతి వైపు చూశారు. అక్కడ వాళ్ళావిడ బియ్యం కడుగుతోంది.

"రేపు శుక్రవారం. శుక్రవారం మా ఇంట్లో పెంట కదపం" అన్నారు చివరికి. "శనివారం రండి. మీ మాట అబద్ధమైతే మొత్తం కుప్ప మీ చేత్తో మళ్ళీ పేర్చాలి మేడమ్ గారూ."

"పేరుస్తానండి" అన్నాను.

ఆ శుక్రవారం నాకు ఒకటే భయం. ఎరువులో దొరికే ప్రతి తెల్ల పురుగూ కొమ్ము పురుగు పిల్ల కాదు. వేరే రకాలూ ఉంటాయి. కుప్పలో అవే ఉంటే పేర్చడం సంగతి అటుంచి, ఆవిడ తోటకి ఇక దారి లేదు.

శనివారం పొద్దున్న వాన తెరిపిచ్చింది. చీర ఎగ్గట్టి, బురద చెప్పులు వేసుకుని పార పట్టుకున్నాను. బాబాయ్ ఇంకో పార. పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని తీర్పరిలా నిలబడ్డారు. బోదె అవతల గట్టు మీద ఆవిడ వచ్చి నిలబడింది. ఆయన చూశారు, చూడనట్టు ఊరుకున్నారు.

మొదటి పారకే తెల్ల పురుగులు బయటపడ్డాయి. బొటనవేలంత లావు, చుట్ట చుట్టుకుని. మేం నలుగురం ఏమనుకున్నా, పిట్టలకి మాత్రం ఏ అనుమానమూ లేదు. ఎక్కడినుంచి చూశాయో గానీ తెల్ల కొంగలు ఎనిమిది దిగాయి. గోరింకలు వచ్చాయి. పెద్దాయన కోళ్ళే నా కాళ్ళ మధ్య దూరి నా పార కిందే ఏరుకు తినడం మొదలుపెట్టాయి. కొంగ ఒకటి బాబాయ్ చేతిలోంచి పురుగుని లాక్కున్నంత పని చేసింది.

"తెల్లవేనండి" అన్నారు పెద్దాయన. "నేను చెప్పలేదా?"

మోకాలి లోతు తవ్వాం. తెల్లవే. నా చేతులు బొబ్బలెక్కాయి. ఎండ వచ్చింది. పన్నెండు కావస్తుండగా బాబాయ్ పార పక్కన పెట్టి, కుప్పకి అడ్డంగా ఉన్న లావుపాటి దుంగని తన చువ్వతో తట్టారు. డొల్ల చప్పుడు. కత్తి తెచ్చి రెండు దెబ్బలు వేస్తే నానిన దుంగ రొట్టెలా విడిపోయింది.

లోపల మట్టితో నున్నగా మెత్తిన గూడు. అందులో గోధుమ రంగు ప్యూపా ఒకటి, అంటే తెల్ల పురుగు కొమ్ము పురుగుగా మారే మధ్య దశ, బట్టలో చుట్టిన పసిబిడ్డలా. చేతిలోకి తీసుకుంటే నడుం దగ్గర మెలికలు తిరిగింది. బాబాయ్ దాన్ని పెద్దాయన అరచేతిలో పెట్టారు. ఆయన లోపల్నుంచి కళ్ళజోడు తెప్పించుకుని చూశారు. ఒళ్ళంతా మెత్తగానే ఉంది. తల మీద మాత్రం, బియ్యపు గింజంత, కొమ్ము. పక్క గూట్లో ఇంకోటి ఉంది. అది అప్పుడే పురుగై, ఇంకా నల్లబడక, ఎర్రగా, బద్ధకంగా కాళ్ళు కదుపుతోంది. దాని పక్కన దాని పాత తోలు.

ఆయన ఒక చేతిలో తెల్ల పురుగు, ఇంకో చేతిలో కొమ్మున్న ప్యూపా పెట్టుకుని ఇటూ అటూ చూశారు. డెబ్బై ఏళ్ళు రోజూ చూసిన ప్రాణి అది. ఆయన ముఖం చూస్తే నాకు గెలిచాననిపించలేదు. పెద్దాయన్ని చిన్నబుచ్చినట్టు కష్టంగా అనిపించింది.

"ఈ దుంగ గట్టు మీది చెట్టుదండి" అన్నారు, ఎవరితోనో చెబుతున్నట్టు. "పడిపోయినరోజు నేనే ఇటు లాగించేను. వాళ్ళకి దక్కకూడదని."

గట్టు మీద నుంచి ఆవిడ మాట్లాడింది. పదకొండేళ్ళలో అదే మొదటి మాట.

"మావయ్యగారూ, ఆ చెట్టు మీదేనండి. కాయలూ మీవేనండి. మాకేవీ వద్దండి."

తర్వాత పెద్దాయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నారు. బాబాయ్ కూడా తల పక్కకి తిప్పుకుని నవ్వారు. నేను పార మీద ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాను, చెమటనుకున్నారు.

సాయంత్రం దాకా కుప్పంతా పలచగా పరిచాం. కొంగలకీ కోళ్ళకీ అందని పురుగుల కోసం పురుగులకి పట్టి చంపే ఆకుపచ్చ బూజు మందు చల్లాం. దుంగలు చీల్చి పెద్దాయన పొయ్యిలోకి ఆరబెట్టారు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే బాబాయ్ చువ్వ పట్టుకుని ఆవిడ తోటలో మొక్క మొక్కకీ మొవ్వు వెతికేవారు. ఆకు మొదళ్ళలో ఇసకా వేపపిండీ కలిపి పోసేవారు. "యాభై అడుగుల చెట్టు ఎక్కితే రాని నడుం నొప్పి, ఈ పిల్ల మొక్కల దగ్గర వంగితే వచ్చిందండి" అనేవారు. నేను బకెట్టుకి బదులు ఇసక మోశాను. ఆ పని ఫోటో ఎవరూ అడగలేదు.

దసరాకి భర్త వచ్చాడు. నన్ను రమ్మని ఆవిడే కబురు పెట్టింది. వెళ్ళేసరికి తోటలో ఆ నేల అడుగుతున్న రొయ్యల చెరువుల ఆయన కూడా ఉన్నాడు, బైకు గట్టు మీద ఆపుకుని. భర్త ఒక్కో మొక్క దగ్గరా వంగి, ఆకులు విడదీసి, మొవ్వు వేలితో తడిమి చూస్తున్నాడు. ముప్పై అయిదు నిలిచాయి. బకెట్టు కట్టిన చోటి చుట్టుపక్కల అయిదు ఖాళీలు.

"ఈ అయిదూ ఎలా పోయేయి?" అన్నాడు.

ఆవిడ నా వంక చూసి, తల వంచుకుంది. నన్ను కాపాడదామనుకుందని అర్థమైంది.

"నేను చంపానండి" అన్నాను. బకెట్టు దగ్గర్నుంచి కాగితం రెండో వైపు దాకా చెప్పాను. అతను వింటూ వింటూ నా వైపు చూడటం మానేసి ఖాళీల వైపు చూశాడు. ఏమంటాడో అని ఆవిడ కొంగు నలుపుతోంది. చెరువుల ఆయన గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు బోదె దగ్గర చప్పుడైంది. పెద్దాయన పంచె ఎగ్గట్టుకుని, ఒక చెక్క అడ్డంగా వేసుకుని, దాని మీద నుంచి దాటి వస్తున్నారు. వెనకాల బాబాయ్, రెండు చేతుల్లోనూ కొబ్బరి మొక్కలు. మొత్తం అయిదు. పెద్దాయన పెరట్లో పెంచినవి. ఒక్కో ఖాళీ దగ్గరా ఒక్కోటి పెట్టించి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు.

"ఏరా అబ్బాయ్, గోతులు తియ్యి. నేను వంగలేను" అన్నారు.

పదకొండేళ్ళుగా పలకరించని మనిషి. అతను ఆయన్ని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. తర్వాత చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, పార అందుకున్నాడు. చెరువుల ఆయన మొదటి గొయ్యి పూర్తయ్యేదాకా నిలబడి, బైకు ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ బకెట్టు పెద్దాయన అడిగి పట్టుకెళ్ళారు. ఇప్పుడు అందులో కోళ్ళు నీళ్ళు తాగుతున్నాయి. రిటైరైన రోజు ఇదంతా చెబితే మా సారు, "మరి ఆ ఫోటో చూసి ఇంకెంతమంది మధ్యలో కట్టారో" అన్నారు. కాబట్టి పిల్లలూ, కాగితం రెండో వైపు చదవండి. మీ పక్కనున్న పెద్దవాళ్ళు మర్యాదగా ఏదైనా అంటే నవ్వేసి ఊరుకోకండి, రెండోసారి అడగండి.

రిటైరైన ఏడాదికి ఆవిడ ఫోన్ చేసింది. తొలి దింపు, మీరు రావాలండి అని. వెళ్ళాను. దింపంటే పేరుకే, బాబాయ్ నేల మీద నిలబడి చెయ్యి చాస్తే గెల అందుతోంది. కత్తితో ఒక బొండం కోసి, చెక్కి, ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ నా చేతికిచ్చింది.

"ఏ చెట్టుదో తెలిసిందాండీ?" అంది. "మీ బకెట్టు పక్కదేనండి. పోతుందనుకున్నాం. అన్నిటికన్నా ముందు ఇదే కాసింది."

తలెత్తి చూశాను. పై ఆకులన్నీ నిండుగా ఉన్నాయి. అన్నిటికన్నా కింద, పండిపోయి, రేపో మాపో రాలబోయే ఆకు ఒకటి ఆ తోరణం కత్తిరింపులతోనే వేలాడుతోంది.

"మేడమ్ గారండీ, ఫోటో తీసుకోరా?" అన్నారు బాబాయ్, ముఖం ఎంతో మర్యాదగా పెట్టి.

ఫోన్ సంచీలోంచి తియ్యలేదు. బొండం రెండు చేతులతో పట్టుకుని, అడుగు దాకా తాగాను.